పొలం అమ్మి పైలట్ చేయించొచ్చా?

సంక్రాంతికి తెనాలి వెళ్తే మా బాబాయ్ పేక ముక్కలు బోర్లా పెట్టేసి మరీ నన్ను వరండాలోకి లాక్కెళ్లాడు. "ఏరా, నీకు ఆ విమానాలోళ్లు తెలుసుగా. మావాడు పైలట్ అవుతానని భీష్మించుకు కూర్చున్నాడు. కాలవ కింద ఎకరంన్నర అమ్మితే ఎనభై దాకా వస్తుందంటున్నారు. అమ్మేయనా?"

నాకు తెలిసిన విమానాలోళ్లు నలుగురు. ఇద్దరు కెప్టెన్లు, ఒకమ్మాయి ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. నాలుగోవాడు లైసెన్సు చేతిలో పెట్టుకుని మూడేళ్లు ఎదురుచూసి, ఇప్పుడు మామగారి రైసు మిల్లు చూసుకుంటున్నాడు. ఈ నలుగురినీ పక్కపక్కన నిలబెడితే బాబాయ్ అడిగింది ఒక ప్రశ్న కాదు, రెండని అర్థమవుతుంది. పైలట్ ఉద్యోగం మంచిదేనా అన్నది ఒకటి. ఆ ఉద్యోగం దాకా చేరడానికి ఇవాళ కాయాల్సిన పందెం మంచిదేనా అన్నది ఇంకోటి. మొదటిదానికి నేను ఇప్పటికీ అవుననే అంటాను, కాస్త సణుక్కుంటూ. రెండోదానికి మాత్రం దస్తావేజులు బీరువాలోంచి తీయకముందే కాగితం, కలం పట్టుకుని కూర్చోమంటాను.

ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. అందరూ సీపీఎల్ అని పిలిచే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి 18 ఏళ్లు నిండాలి, కనీసం 200 గంటలు ఎగిరి ఉండాలి. నావిగేషన్, వాతావరణం, నిబంధనలు, విమాన సాంకేతికం అంటూ పౌర విమానయానాన్ని అదుపు చేసే కేంద్ర సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లలో ఒక్కోదాంట్లో 70 శాతం తెచ్చుకోవాలి. రేడియోలో మాట్లాడటానికి విడిగా ఇంకో పరీక్ష. ఐఐటీ కోచింగ్‌కి రాజస్థాన్‌లోని కోటా ఎలాగో ఈ పేపర్లకి ఢిల్లీలోని ద్వారకా అలాగ. అక్కడ ఇరుకు గదుల్లో మెస్సు భోజనం తింటూ మేఘాల పేర్లు బట్టీ కొట్టే తెలుగు పిల్లలూ ఉన్నారు. తర్వాత ఎగరడం. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో 1985లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఉంది. మనవైపు హైదరాబాద్ శివార్లలో నాదర్‌గుల్ ఉంది. కొందరు అమెరికా, దక్షిణాఫ్రికా వెళ్లి నేర్చుకుని, వచ్చాక ఆ లైసెన్సుని ఇక్కడి లైసెన్సుగా మార్చుకుంటారు.

200 గంటలంటే వినడానికి ఎనిమిది రోజులు. చేతికి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు. చలికాలం పొగమంచు, జూన్ నుంచి వానలు, ఒక విమానం రిపేరు, ఇంకో దానికి ఇన్‌స్ట్రక్టర్ లేడు. బ్రోచర్లో ఎనిమిది నెలలని వేస్తారు. ఆ బ్రోచర్ రాసినవాడు వర్షాకాలం చూసినట్టు లేడు. ఆలస్యమైన ప్రతి నెలా హాస్టలు ఖర్చు మనదే.

ఖర్చు సుమారుగా 45 నుంచి 60 లక్షలు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. కానీ సెస్నా లాంటి చిన్న శిక్షణ విమానం నడిపినవాడి చేతికి ఎయిర్‌బస్ తాళాలివ్వరు (ఎయిర్‌బస్‌కి తాళంచెవి ఉండదనుకోండి, అది వేరే సంగతి). ఏ విమానం నడపాలంటే ఆ రకానికి టైప్ రేటింగ్ కావాలి. అదంతా దాదాపు నేల మీదే విమానం నడిపినట్టుండే సిమ్యులేటర్లోనే. దానికింకో 15 నుంచి 25 లక్షలు. ఒకప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకి హైదరాబాద్‌లోని సొంత కేంద్రంలో తానే శిక్షణ ఇచ్చుకునేది. ఇప్పుడు ఆ ఖర్చు చాలా వరకు కుర్రాడి తండ్రి నెత్తికెక్కింది. ఎయిర్‌లైన్స్ పేరుతో నడిచే క్యాడెట్ ప్రోగ్రాముల్లో చేరితే సీటు మీద కొంత భరోసా ఉంటుంది, బిల్లు కోటి దాటుతుంది.

80 లక్షలు అప్పు చేశామనుకుందాం. 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు. నెలకి లక్షా పది వేలు కిస్తీ, చదువుతున్న రెండేళ్ల వడ్డీ కలపకుండానే. అదే 80 లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి పడేస్తే నెలకి 46 వేలు ఇంటికొస్తాయి, ఎవరూ ఎగరక్కర్లేదు. ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద రాసి చూపిస్తే బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే జీతం ఎంతొస్తుంది?" అన్నాడు.

జీతం బాగుంటుంది. ట్రైనీ దశలో తక్కువ. మామూలు సర్వీసుల్లో కుదురుకున్నాక ఫస్ట్ ఆఫీసర్‌కి ఇప్పుడు నెలకి లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా వస్తోంది. కెప్టెన్ అయితే ఐదు నుంచి ఎనిమిది, పెద్ద విమానాల మీద అంతకు మించి. ముప్పై రెండేళ్లకే నెలకి ఆరు లక్షలు తెచ్చుకునే ఉద్యోగాలు మన దేశంలో ఎన్నున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 65 ఏళ్ల దాకా ఎగరొచ్చు. గల్ఫ్ వెళ్తే ఆదాయపు పన్ను లేదు, పిల్లల చదువుకీ ఇంటికీ కంపెనీ సాయం ఉంటుంది. అంచేత ఉద్యోగం మంచిదేనా అన్న ప్రశ్న దగ్గర నేను ఎక్కువ తచ్చాడను.

తచ్చాడాల్సింది లైసెన్సుకీ ఆ జీతానికీ మధ్య ఉన్న ఖాళీలో. దాని గురించి బ్రోచర్లు మాట్లాడవు.

డీజీసీఏ 2022లో 1,165 సీపీఎల్‌లు ఇచ్చింది. 2023లో 1,622, 2024లో 1,342. ఇంకోవైపు 2023లోనే ఎయిరిండియా 470 విమానాలకి, ఇండిగో 500 విమానాలకి ఆర్డరు పెట్టాయి. రాబోయే పదిహేను ఇరవై ఏళ్లలో 30 వేల మంది పైలట్లు కావాలని పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు పలుమార్లు చెప్పారు. అలాంటప్పుడు మా నాలుగోవాడు రైసు మిల్లులో ఎందుకున్నాడు?

పైలట్ల కొరత అంటే ఎవరి కొరత అన్నది చూడాలి. పెళ్లికి వంటవాళ్లు దొరకడం లేదంటే గరిటె తిప్పే పెద్ద వంటాయన దొరకడం లేదని. ఉల్లిపాయలు తరగడానికి వీధి వీధంతా సిద్ధంగానే ఉంటుంది. ఎయిర్‌లైన్స్‌కి కొరత కెప్టెన్లది, అందులోనూ కొత్తవాళ్లకి నేర్పగల ట్రైనింగ్ కెప్టెన్లది. 200 గంటల కుర్రాడు చేరగానే పక్కన కెప్టెన్ కూర్చునే ఎడమ సీట్లో ఎవరు పడితే వాళ్లు కూర్చుంటే కుదరదు, నేర్పే అర్హత ఉన్నవాడే ఉండాలి. వాళ్లు పరిమితం కాబట్టి నెలకి ఇంతమందినే తీసుకోగలరు. పైగా ఆర్డరిచ్చిన విమానాలు ఆలస్యంగా వస్తున్నాయి. ఇంజిన్ భాగాల తయారీకి వాడిన లోహపు పొడిలో లోపం బయటపడి డజన్ల కొద్దీ ఎయిర్‌బస్‌లు నెలల తరబడి నేల మీదే ఉండిపోయాయి. అంచేత భర్తీ కాలవకి నీళ్లొదిలినట్టు జరుగుతుంది. వదిలినప్పుడు వరద, ఆపినప్పుడు ఎండ. లైసెన్సు ఏ నెలలో చేతికొచ్చిందన్నదాన్ని బట్టి ఒకడు ఆరు నెలల్లో యూనిఫాం వేసుకుంటాడు, ఇంకొకడు మూడేళ్లు గోళ్లు గిల్లుకుంటాడు. వాళ్లిద్దరి తెలివిలో పెద్ద తేడా ఏమీ ఉండదు.

ఆ మూడేళ్లూ ఊరికే కూర్చుంటే సరిపోదు. ఎగరకపోతే లైసెన్సుకి పాచి పడుతుంది. బయట ఏమీ కనబడకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హతని ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అంటారు, దాన్ని ఏటా పునరుద్ధరించుకోవాలి, మెడికల్ చేయించుకుంటూ ఉండాలి, అప్పుడప్పుడు గంటలు కొనుక్కుని మరీ ఎగరాలి. మా నాలుగోవాడు అందరూ బోయింగ్ అంటున్న ఏడాది బోయింగ్ 737 రేటింగ్ చేశాడు. తీరా ఉద్యోగాలు పడేసరికి అందరూ ఎయిర్‌బస్ వాళ్లనే అడిగారు. సిమ్యులేటర్లు ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతాయి కదా, చవగ్గా వస్తుందని అర్ధరాత్రి స్లాటు తీసుకుని, తెల్లారి నాలుగింటికి బయటికొచ్చి పార్కింగ్‌లో టీ తాగుతూ, "ఇరవై లక్షల టీ బాబూ ఇది" అనేవాడు. ఇప్పుడు ఆ మాట తీస్తే నవ్వుతాడు గానీ ఎక్కువసేపు కాదు.

ఈ విషయంలో అమెరికా పద్ధతి వేరు. అక్కడి తెలుగువాళ్లలోనూ పిల్లల్ని ఈ ఉద్యోగంలోకి పంపేవాళ్లున్నారు కాబట్టి చెప్తున్నా. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర ఒక చిన్న ఎయిర్‌లైన్ విమానం కూలి 50 మంది చనిపోయారు. విచారణలో పైలట్ల అలసటా, కో-పైలట్ జీతం చాలా తక్కువన్న సంగతీ బయటికొచ్చి దేశమంతా ముక్కున వేలేసుకుంది. 2013 నుంచి అక్కడ కో-పైలట్ కావాలన్నా మామూలుగా 1,500 గంటలు ఉండాలి. ఆ గంటలు సంపాదించడానికి చాలామంది పిల్లలు ఫ్లయింగ్ స్కూళ్లలో ఇన్‌స్ట్రక్టర్లుగా చేస్తారు. దారి పొడుగు, కానీ నడుస్తూ నాలుగు డాలర్లు వస్తాయి. మన దగ్గర దారి పొట్టి. 200 గంటలకే 180 మందిని మోసే విమానంలో కుడిసీటు దొరకొచ్చు. దొరక్కపోతే మధ్యలో నిలబడటానికి గట్టంటూ లేదు.

దొరికాక కూడా ఆ సీటు కంపెనీ ఆరోగ్యం మీద ఆధారపడి ఉంటుంది. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్. ప్రతిసారీ నెలల జీతాలు రాని పైలట్లు రోడ్డున పడ్డారు. మధ్యలో కరోనా. సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడితే నేర్చుకున్నది ఎక్కడైనా చెల్లుతుంది. పైలట్ సీనియారిటీ మాత్రం ఆ కంపెనీ గేటు దగ్గరే ఆగిపోతుంది. ముఖ్యంగా ఫస్ట్ ఆఫీసర్ కెప్టెన్ అయ్యే వరసలో ఉన్నప్పుడు కంపెనీ మునిగితే, కొత్తచోట వరస మళ్లీ చివర్నుంచే.

ఇక రోజువారీ బతుకు. మా ఫస్ట్ ఆఫీసర్ అమ్మాయి డ్యూటీ ఒకటి ఉన్నదున్నట్టు చెప్తాను. హైదరాబాద్ నుంచి విశాఖ, వెనక్కి, మళ్లీ బెంగళూరు, వెనక్కి. ఉదయం 5:10కి బయల్దేరాలంటే రెండుంపావుకి లేవాలి, మూడింటికి గుమ్మంలో కారు ఉంటుంది. శంషాబాద్‌లో మొదటి పని గొట్టంలో ఊదడం. రక్తంలో మద్యం సున్నా ఉండాలి. మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్సు సస్పెండ్, రెండోసారి మూడేళ్లు, మూడోసారి రద్దు. ఆల్కహాల్ ఉండే మౌత్‌వాష్ కూడా వాడకూడదని నిబంధనల్లో రాసే ఉంది. అందుకని ఆ అమ్మాయి చుట్టాలింటికి వెళ్లినా దగ్గు మందు సీసా మీది అక్షరాలు చదవందే మూత తీయదు. నాలుగు ట్రిప్పులూ అయి ఇంటికొచ్చేసరికి పగలు ఒకటిన్నర దాటుతుంది. లేచి పదకొండు గంటలు దాటింది. కానీ లెక్కకొచ్చే గంటలు చక్రాల కింద దిమ్మలు తీసినప్పట్నుంచి మళ్లీ పెట్టేదాకానే. అంటే ఐదు. ఎయిర్‌లైన్స్ నెలకి ఇన్ని గంటలని కనీస హామీ ఇచ్చి, ఆ పైన గంటకింతని ఇస్తాయి. అందుకే పైలట్‌కి ఏడాదికి వెయ్యి గంటలే పరిమితి అని వింటే హాయిగా ఉందే అనిపిస్తుంది. ఆ వెయ్యి వెనకాల రెండు వేలుంటాయి.

ఒళ్లు హూనం చేసేది పొద్దున డ్యూటీ కాదట. ఒక రోజు తెల్లవారుజాము, రెండ్రోజుల తర్వాత రాత్రంతా, మళ్లీ తెల్లవారుజాము. ఒంటికి పగలేదో రాత్రేదో తెలియకపోవడం. పైలట్ల సంఘాలు దీని మీద ఏళ్ల తరబడి పోరాడాయి, ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి. డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నిబంధనలు ప్రకటించి, ఎయిర్‌లైన్స్ మొత్తుకోవడంతో వాయిదా వేసి, చివరికి 2025 జులైలో కొన్ని, నవంబరు 1 నుంచి మిగతావి అమలు చేసింది. వారానికి విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. రాత్రి అంటే ఐదింటి దాకా కాదు, ఆరింటి దాకా. రాత్రి డ్యూటీలో ల్యాండింగులు ఆరు దాకా ఉండేవి రెండుకి దిగాయి. తర్వాత నెల తిరిగేసరికి ఏం జరిగిందో టీవీ చూసినవాళ్లందరికీ గుర్తుంది. డిసెంబరు మొదటి వారంలో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. 5వ తేదీన ఒక్కరోజే వెయ్యికి పైగా. ప్రయాణికులు ఎయిర్‌పోర్టు నేల మీద పడుకున్నారు. ప్రభుత్వం ఆ సంస్థకి 2026 ఫిబ్రవరి 10 వరకు తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది.

దీన్ని చాలామంది 'నిబంధనల వల్ల వచ్చిన సంక్షోభం' అన్నారు. నాకు తిరగేసి కనిపిస్తుంది. వారానికి పన్నెండు గంటలు అదనంగా నిద్రపోనిస్తే కుప్పకూలిన టైంటేబుల్ అన్నాళ్లూ దేని మీద నిలబడింది? పైలట్ల నిద్ర మీదే.

ఇంకో ముచ్చట. నచ్చకపోతే మానేయొచ్చు కదా అంటారు. 2017లో విజయనగరం రాజావారు అశోక్ గజపతిరాజు విమానయాన మంత్రిగా ఉండగా వచ్చిన నిబంధన ప్రకారం కెప్టెన్ మానేయాలంటే ఏడాది ముందు నోటీసివ్వాలి, ఫస్ట్ ఆఫీసర్ ఆరు నెలల ముందు. విశ్రాంతి నిబంధనలు అమలైంది శ్రీకాకుళం మంత్రి హయాంలో. తాళం వేసింది ఒక ఉత్తరాంధ్ర, కిటికీ తెరిచింది ఇంకో ఉత్తరాంధ్ర అని మా కెప్టెన్ స్నేహితుడి జోకు. విదేశీ ఎయిర్‌లైన్స్ మా పైలట్లని ఎగరేసుకుపోతున్నాయని 2025లో భారత్ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ దగ్గర మొర పెట్టుకుంది కూడా. ఏడాది నోటీసు పెట్టినా ఆగడం లేదంటే వాళ్లు జీతం కోసమే వెళ్తున్నారా, సెలవు కోసం వెళ్తున్నారా అని ఒకసారి అడిగి ఉండాల్సింది.

ఆరోగ్యం సంగతి. ఈ ఉద్యోగం నిజానికి మెడికల్ సర్టిఫికెట్టుకి వేలాడే ఉద్యోగం. ఇంజినీరుకి షుగరొస్తే మాత్ర వేసుకుని ఆఫీసుకెళ్తాడు. పైలట్‌కి ఏదైనా తేడా వస్తే తేలేదాకా నేల మీదే. లైసెన్సు పోతే డబ్బొచ్చే బీమా ఉంటుంది, అది తీసుకోకుండా విమానమెక్కే కుర్రాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. ఒంటి జబ్బుకన్నా మనసు జబ్బు ఇంకా కష్టం. నిద్ర పట్టడం లేదు, దిగులుగా ఉంది అని డాక్టరుకి చెప్తే రికార్డులోకెక్కి సీటు పోతుందేమోనని నోరు మూసుకునేవాళ్లే ఎక్కువ. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలిన నాలుగు రోజులకి, ఒక్కరోజే ఆ సంస్థలో 112 మంది పైలట్లు ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టారని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది.

కృత్రిమ మేధ వచ్చి పైలట్లని ఇంటికి పంపుతుందా? బాబాయ్ ఇదీ అడిగాడు, వాట్సాప్‌లో వచ్చిందట. ప్రయాణంలో కొంతసేపు ఒక్క పైలటే ఉంటే చాలదా అన్నదాని మీదే యూరప్‌లో ఏళ్లు అధ్యయనం చేసి, ఇప్పటి కాక్‌పిట్లలో ఇద్దరున్నంత భద్రత ఉంటుందని రుజువు కాలేదని తేల్చారు. ఇప్పుడు పదిహేడేళ్లున్నవాడు దీనికోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఆడపిల్లల విషయంలో మాత్రం మన దేశం నిజంగా గొప్పగా చెప్పుకోవచ్చు. ప్రపంచంలో పైలట్లలో ఆడవాళ్లు ఐదు శాతం చుట్టుపక్కల ఉంటే మన దగ్గర పదిహేను శాతం దాకా ఉన్నారు. ఈ కథ మొదలైంది బేగంపేటలోనే. మన దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌ని ఒకటి తర్వాత ఒకటిగా కంపెనీలన్నీ కాదన్నాక పిలిచి ఉద్యోగమిచ్చింది హైదరాబాద్ సంస్థానపు డెక్కన్ ఎయిర్‌వేస్. ఆవిడ 1949లో జాతీయ విమానాల పందెం గెలిచారు. సీనియారిటీ, గంట రేటు అందరికీ ఒకటే కాబట్టి ఇక్కడ మగవాడికో జీతం, ఆడదానికో జీతం ఉండదు. బిడ్డ పుట్టాక ఆ మూడింటి కారు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరున్నారన్నదే ప్రశ్న. మా ఫస్ట్ ఆఫీసర్ ఇంట్లో వాళ్లత్తగారున్నారు. "కెప్టెన్ ఆవిడే, నేను ఇంట్లోనూ కో-పైలటే" అంటుంది.

అన్ని సణుగుళ్లూ అయ్యాక, మానేస్తావా అని ఆ అమ్మాయినే అడిగాను. ప్రశ్న అర్థం కానట్టు చూసింది. తర్వాత విశాఖ వెళ్లే ఆ పొద్దున గురించి చెప్పింది. పాపికొండల దగ్గర గోదావరి ఇంకా నల్లగానే ఉంటుందట. మనం తూర్పుకి వెళ్తుంటాం కాబట్టి ఉన్నట్టుండి సూర్యుడు ఎదురొచ్చి ముఖం మీద కొడతాడట. కళ్లకడ్డంగా షేడ్ దించుకోవాలి. "దించే ముందు ఒక్క అరనిమిషం ఇద్దరం ఏం మాట్లాడుకోం. తర్వాత ఆయన 'చెక్‌లిస్ట్' అంటాడు." నాలుగేళ్లయినా ఆ అరనిమిషం ఇంకా ఉందంది. మా ఇద్దరు కెప్టెన్లలో ఒకడికి అదీ పోయింది. వాడికిప్పుడు ఇంటి కిస్తీలు, రోస్టరు, స్టాండ్‌బై ఫోను. అయినా వాడూ మానేయడు. ఇంత జీతం ఇంకెక్కడా రాదు కనుక, ఇంకేమీ రాదు కనుక.

బాబాయ్‌కి నేను చెప్పింది చిన్నదే. పొలం సంగతి తర్వాత, ముందు కొన్ని వేలు పెట్టి క్లాస్ 2 మెడికల్, అది దాటితే క్లాస్ 1 చేయించు. కళ్లూ, చెవులూ, గుండే పాసయ్యాయో లేదో లక్షలు కట్టకముందే తెలుస్తుంది. కట్టాక తెలుసుకున్నవాళ్లున్నారు. ఆ తర్వాత ఇంటి దగ్గరే కూర్చుని పేపర్లు రాయమను. అన్నీ పాసయ్యాకే ఫ్లయింగ్ స్కూలు. ఆ స్కూల్లో ఎన్ని విమానాలు ఎగురుతున్నాయి, ఎన్ని షెడ్డులో ఉన్నాయి అన్నది వెళ్లి కళ్లారా చూడాలి. టైప్ రేటింగ్ మాత్రం ఉద్యోగం ఖాయమయ్యాకే, ఎవరెంత తొందరపెట్టినా సరే. డిగ్రీ ఒకటి దూరవిద్యలోనైనా సరే పక్కన నడుస్తూ ఉండాలి. ఉన్నదంతా అమ్మితే గానీ కుదరదంటే వద్దు. అమ్మినా ఇంట్లో పొయ్యి వెలుగుతుందంటే ఆలోచించొచ్చు.

తమ్ముడికి రెండు మెడికల్సూ అయ్యాయి. పొలం అమ్మలేదు, ఈ ఏడాదికి కౌలుకిచ్చారు. కుర్రాడు వాతావరణం పేపరు చదువుతున్నాడు. మొన్న రాత్రి పదింటికి బాబాయ్ ఫోన్ చేశాడు. "ఏరా, క్యుములోనింబస్ అంటే మన కారుమబ్బేగా? వీడు అందులోకి పోకూడదు, పక్కనుంచి తిప్పుకుని వెళ్లాలని ఏదో చదువుతున్నాడు. ఆ మబ్బు కోసమేగా ఇక్కడ మేం జూన్ నుంచి మెడలెత్తి చూసేది."